తెనాలి–గుంటూరు–విజయవాడ లోకల్ రైలు: పట్టాలున్నచోట వేళలు లేకపోవడం గురించి

సభకు నమస్కారం.

నన్ను మాట్లాడమన్న విషయం ప్రశ్న రూపంలో ఉంది. మనలాంటి మధ్యరకం ఊళ్ళకు ముంబయిలోనూ చెన్నైలోనూ ఉన్నట్టు సబర్బన్ రైలు, అంటే నగరానికీ చుట్టుపక్కల ఊళ్ళకూ మధ్య తరచుగా నడిచే లోకల్ రైలు, అవసరమా, లేక అది మహానగరాలకే చెల్లిన వ్యవహారమా అన్నది ఆ ప్రశ్న. నేను ముప్పై ఏళ్ళు సివిల్ ఇంజనీరింగు పాఠాలు చెప్పినవాణ్ణి. అందులో పదకొండేళ్ళు తెనాలి నుంచి విజయవాడకు నెలవారీ పాసు మీద రోజూ రైల్లో తిరిగినవాణ్ణి. చదువు ద్వారా తెలిసినదానికంటే ఆ పదకొండేళ్ళలో ప్లాట్‌ఫారం మీద నిలబడి తెలుసుకున్నదానికే ఈ సాయంత్రం ఎక్కువ విలువ ఇస్తాను.

ముందుగా ప్రశ్నలో ఉన్న ‘చిన్న నగరం’ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. 2011 జనాభా లెక్కల ప్రకారం విజయవాడ నగరం పది లక్షలు దాటింది. గుంటూరు ఆరున్నర లక్షలు. తెనాలి లక్షా అరవై అయిదు వేలు. మంగళగిరి డెబ్బై వేల పైచిలుకు. వీటిలో ఏ ఒక్కదాన్ని విడిగా తీసుకున్నా సబర్బన్ రైలు కావాలనడం అతిశయోక్తే అవుతుంది. విజయవాడ వన్‌టౌన్ నుంచి పటమటకు వెళ్ళేవాడికి రైలుతో పనిలేదు. గుంటూరు బ్రాడీపేట నుంచి లక్ష్మీపురం వెళ్ళేవాడికి అసలే లేదు. అయితే ఈ ఊళ్ళు విడివిడిగా బతకడం లేదు. విజయవాడ నుంచి గుంటూరు రైలు మార్గంలో సుమారు 32 కిలోమీటర్లు, విజయవాడ నుంచి తెనాలి సుమారు 31, గుంటూరు నుంచి తెనాలి సుమారు 25. ఈ ముక్కోణంలో ఉదయం పూట జనం ఒకే దిక్కుకు పోరు. తెనాలి గుమాస్తా విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్టుకు వెళుతుంటే, విజయవాడ విద్యార్థి నాగార్జున విశ్వవిద్యాలయానికి వెళతాడు. దుగ్గిరాల నుంచి ఒకరు గుంటూరు మిర్చి యార్డుకు బయలుదేరే వేళకే గుంటూరు నుంచి ఒక రోగి మంగళగిరి ఎయిమ్స్‌కు బయలుదేరుతుంది. రైలు నడిపేవాళ్ళకు ఇటువంటి రాకపోకలు వరం లాంటివి, ఎందుకంటే ఉదయం నిండుగా వెళ్ళిన పెట్టెలు ఖాళీగా తిరిగి రావలసిన అవసరం ఉండదు. ఒక ప్రాంతానికి సబర్బన్ రైలు కావాలో వద్దో తేల్చేది ఒక్క ఊరి జనాభా కాదనీ, ఊళ్ళ మధ్య దూరమూ, వాటి అమరికా, రాకపోకల తీరూ కలిసి తేలుస్తాయనీ నా నమ్మకం.

ఈ పట్టాలు ఇక్కడికి ఎలా వచ్చాయో కూడా గుర్తుచేసుకుందాం. 1889లో నిజాం రాజ్యం వైపు నుంచి లైను బెజవాడ చేరింది. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పూర్తయింది. 1899లో మద్రాసు నుంచి నేరుగా లైను వచ్చి కలిసింది. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు శాఖ పడింది. అంటే ఈ డెల్టాలో బస్సు తిరగకముందే రైలు తిరిగింది. ఊళ్ళు కూడా స్టేషన్లను ఆనుకునే పెరిగాయి. తెనాలి బజారు, గుంటూరు అరండల్‌పేట, విజయవాడ వన్‌టౌన్, ఈ మూడూ స్టేషను నుంచి నడిచి చేరుకోగల దూరంలోనే ఉన్నాయి. చాలా దేశాలలో పట్టాలు ఊరికి దూరంగా పోయి, స్టేషను వల్ల ఉపయోగం లేక లోకల్ రైళ్ళు మూతపడ్డాయి. మనకు ఆ బెడద లేదు. ఈ ముక్కోణంలో మూడు భుజాలూ ఈ రోజు విద్యుదీకరణ జరిగిన జంట లైన్లు. ఆఖరున మిగిలిన గుంటూరు–తెనాలి భుజం కూడా జంట లైనయింది. ఇటువంటి ఆస్తిని కొత్తగా సంపాదించాలంటే ఎన్ని వేల కోట్లవుతుందో కాసేపట్లో చెబుతాను.

ఇంత ఉన్నా, తెనాలిలో ఇరవై అయిదేళ్ళ కుర్రవాణ్ణి విజయవాడలో ఉద్యోగానికి ఎలా వెళుతున్నావని అడిగి చూడండి. నూటికి ఎనభై మంది బండి మీద అంటారు. ఇది సర్వే లెక్క కాదు, నా వీధిలో నేను అడిగి తెలుసుకున్నది. రైలు ఎందుకు ఎక్కవంటే, ‘ఎప్పుడు వస్తుందో తెలియదు, ఎక్కాక ఎప్పుడు దిగుతామో అంతకన్నా తెలియదు’ అన్నది జవాబు. రైలు లేదని ఎవరూ అనలేదు. ప్యాసింజర్లు ఉన్నాయి, మెములు (విడిగా ఇంజను లేకుండా కరెంటు మీద నడిచే తక్కువ దూరపు రైళ్ళు) ఉన్నాయి, ఎక్స్‌ప్రెస్సుల్లో జనరల్ పెట్టెలు ఉన్నాయి. లేనిదల్లా వేళ.

నా రోజుల్లో సంగతి చెబుతాను. ఉదయం ప్యాసింజరు తెనాలిలో సమయానికే కదిలేది. దుగ్గిరాల, పెదవడ్లపూడి దాటి కృష్ణా కెనాల్ జంక్షను చేరేసరికి ఇంకా పావుగంట చేతిలో ఉండేది. అక్కడ లూప్ లైనులో, అంటే వేరే రైళ్ళకు దారి వదిలే పక్క పట్టా మీద, పెట్టేవారు. ముందు మద్రాసు వైపు నుంచి వచ్చిన ఎక్స్‌ప్రెస్సు, దాని వెనుక మరొకటి, తరువాత గుంటూరు వైపు నుంచి వచ్చిన గూడ్సు దాటిపోయేవి. అవన్నీ పోయాక సిగ్నలు పడితే, వంతెన దాటి విజయవాడ అవుటరులో, స్టేషను బయటి సిగ్నలు దగ్గర, మళ్ళీ ఆగేది. కిటికీలోంచి స్టేషను కనబడుతూ ఉండేది. కొందరు కుర్రాళ్ళు పట్టాల మీదికి దూకి నడిచిపోయేవారు. అది ప్రాణాలతో చెలగాటమని తెలిసీ దూకేవారు, ఎందుకంటే నేను పనిచేసిన కళాశాలలో లాగే వాళ్ళ చోట్లా పది నిమిషాల ఆలస్యానికి పూట జీతం కోసేవారు. ఆ పదకొండేళ్ళలో నాతోపాటు పాసు తీసుకున్న ఇరవై ముగ్గురిలో పదిహేడు మంది ఒకరి తరువాత ఒకరు బస్సుకో బండికో మారారు. వాళ్ళలో ఒకరు జాతీయ రహదారి మీద ప్రమాదంలో పోయారు. ఆయన పేరు ఇక్కడ చెప్పను. ఈ విషయం మీద నేను ఇన్నేళ్ళుగా మాట్లాడుతూ ఉండటానికి కారణం మాత్రం ఆయనే.

ఈ జాప్యానికి ఏ ఒక్క ఉద్యోగినీ తప్పుపట్టలేము. విజయవాడ ఈ దేశంలో అతి రద్దీ గల కూడళ్ళలో ఒకటి. ఢిల్లీ నుంచి చెన్నై వెళ్ళే మార్గమూ, హౌరా నుంచి చెన్నై వెళ్ళే మార్గమూ ఇక్కడే కలుస్తాయి. కృష్ణ దాటాలంటే తెనాలి రైలైనా గుంటూరు రైలైనా విజయవాడకూ కెనాల్ జంక్షనుకూ మధ్య ఉన్న ఆ కొద్ది కిలోమీటర్ల దారినే పంచుకోవాలి. కంట్రోలు గదిలో కూర్చున్నవారి ముందు రెండు వేల కిలోమీటర్ల ప్రయాణంలో ఉన్న ఎక్స్‌ప్రెస్సూ, ముప్పై కిలోమీటర్ల ప్యాసింజరూ ఒకేసారి వచ్చి నిలబడితే నియమాల ప్రకారం ముందు దేన్ని వదులుతారో మనకు తెలుసు. దానికి తోడు రైల్వే పాలనలో విజయవాడ ఒక డివిజను, 2003 నుంచి గుంటూరు మరొక డివిజను. ముప్పై రెండు కిలోమీటర్ల రైలు రెండు కంట్రోలు గదుల చేతుల మీదుగా నడవాలి. రెండూ ఇంతకుముందు దక్షిణ మధ్య రైల్వే జోనులోనే ఉన్నాయి, కొత్త దక్షిణ కోస్తా రైల్వే జోనులోనూ కలిసే ఉంటాయి కనుక, ఒకే జోను పెద్దల ముందు ఈ మాట పెట్టే అవకాశం మనకు ఉంది.

ఇప్పుడు హైదరాబాదు అనుభవానికి వస్తాను, ఎందుకంటే తెలుగువాళ్ళకు సబర్బన్ రైలు అంటే ఎం.ఎం.టి.ఎస్. అనే అర్థం. 2003 ఆగస్టులో అది మొదలయినప్పుడు నేను అభిమానంతో వెళ్ళి లింగంపల్లి నుంచి సికింద్రాబాదు దాకా ప్రయాణం చేసి వచ్చాను. రాష్ట్ర ప్రభుత్వమూ రైల్వేలూ చెరి సగం ఖర్చు పెట్టుకుని, ఉన్న పట్టాలనే బాగుచేసి, కొత్త హాల్టులు కట్టి మొదలుపెట్టిన పని అది. ఆలోచన ఎంతో మంచిది. కోవిడ్‌కు ముందు రోజుకు లక్షన్నర మంది దాకా ఎక్కేవారు. రెండో దశ 2012–13 బడ్జెట్ కాలంలో మంజూరయింది. అంచనా సుమారు 816 కోట్లు, అందులో మూడింట రెండు వంతులు రాష్ట్రం భరించాలి. ఆ వాటా దగ్గరే పని ఏళ్ళ తరబడి ఆగింది. మేడ్చల్, ఉందానగర్ మార్గాలు 2023 ఏప్రిల్లో, ఘట్‌కేసర్ మార్గం 2024 మార్చిలో తెరుచుకున్నాయి. ఈలోగా 2017లో మెట్రో వచ్చింది. అయిదారు నిమిషాలకొక బండి దొరికే చోటికి జనం వెళ్ళిపోయారు. కోవిడ్ తరువాత ఎం.ఎం.టి.ఎస్. మునుపటి స్థాయికి తిరిగి లేవలేదు.

ఇందులో మనం చూడవలసింది ఏమిటి? ఎం.ఎం.టి.ఎస్. టికెట్టు చవక, మెట్రోతో పోలిస్తే చాలా చవక. అయినా జనం ఎక్కువ డబ్బులిచ్చి మెట్రో ఎక్కారు. దూరప్రాంత రైళ్ళ మధ్య సందు చూసి నడిపే బండి ఒక్కోసారి ఇరవై నిమిషాలకు, ఒక్కోసారి గంటకు వస్తుంటే, ఆ అనిశ్చితికి రోజుకూలీ కూడా వెల కట్టి చూసుకుంటాడు. చవకగా ఉంటే చాలు, బీదలు ఎక్కుతారులే అన్న ధోరణి నాకు బాధ కలిగిస్తుంది. అందరికంటే ఎక్కువగా సమయానికి చేరవలసినవాళ్ళు బీదలే. పది నిమిషాలు ఆలస్యమైతే వాళ్ళకు ఆ పూట కూలి పోతుంది.

మరో పక్క మెట్రో లెక్క చూడండి. విజయవాడ మెట్రో తొలి దశ 38.4 కిలోమీటర్లకు రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదించిన అంచనా 11,009 కోట్లు, అంటే కిలోమీటరుకు సుమారు 287 కోట్లు. అది పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి ఒక పక్క గన్నవరానికీ మరో పక్క పెనమలూరుకూ పోతుంది. ఆ తొలి దశ కృష్ణ దాటదు. గుంటూరు, తెనాలి, మంగళగిరి వాసులకు అందులో ఏమీ లేదు. ఎం.ఎం.టి.ఎస్. రెండో దశ మంజూరు నాటి అంచనా చూస్తే కిలోమీటరుకు సుమారు పది కోట్లు. ధరలు పెరిగాయి, నిజమే. రెండింతలు, మూడింతలు వేసుకున్నా మెట్రోకు అయ్యే ఖర్చులో సుమారు పదో వంతే అవుతుంది. మెట్రో వద్దని నేను అనడం లేదు. ఏలూరు రోడ్డు, బందరు రోడ్డు రద్దీకి ఏదో ఒకటి కావాలి. కాని 2017 నాటి మెట్రో విధానం ప్రకారం కేంద్రం సహాయం చేయాలంటే, అంతకంటే తక్కువ ఖర్చులో అయ్యే ప్రత్యామ్నాయాలన్నీ ముందు పరిశీలించాలి. ఆ పరిశీలనలో ఉన్న పట్టాల మీద నడిచే లోకల్ రైలు గురించి ఒక పేరా రాసి వదిలేయకుండా పూర్తి అధ్యాయం రాయాలన్నది నా కోరిక.

చిన్న ఊళ్ళు ఈ పని చేశాయా అని అడుగుతారు. జర్మనీలో కార్ల్స్‌రూహె అన్న ఊరు ఉంది. జనాభా మూడు లక్షలు, అంటే గుంటూరులో సగం. 1992లో వాళ్ళు అక్కడి నుంచి బ్రెట్టెన్ అనే పక్క ఊరికి, నగరంలోని ట్రాము పట్టాల మీదా బయట ప్రధాన రైలు మార్గం మీదా ఒకే బండి నడిచే ఏర్పాటు చేశారు. రెండు చోట్లా విద్యుత్తు వేరు, సిగ్నళ్ళు వేరు. రెండింటికీ పనికొచ్చే బండి తయారు చేయించుకున్నారు. స్టేషన్లు పెంచారు, బండ్లు తరచుగా నడిపారు, ప్రయాణికులు కొన్ని రెట్లు పెరిగారు. దీనికి వ్యతిరేక ఉదాహరణ కూడా ఉంది. అమెరికాలో నాష్‌విల్ నగరం 2006లో గూడ్సు పట్టాల మీద 51 కిలోమీటర్ల లోకల్ రైలు మొదలుపెట్టింది. ఉదయం కొన్ని, సాయంత్రం కొన్ని, అంతే. రోజుకు వెయ్యి మంది చుట్టుపక్కలే ఎక్కారు. కార్ల్స్‌రూహె కంటే నాష్‌విల్ పెద్ద ఊరు. రెండింటి మధ్య తేడా జనాభాలో లేదు. మధ్యాహ్నం పన్నెండుకు స్టేషనుకు వెళితే బండి దొరుకుతుందా లేదా అన్న ఒక్క సంగతిలో ఉంది. మన దగ్గర ప్రసవమైన కోడలిని చూడటానికి ఆసుపత్రికి వెళ్ళే అత్తగారికీ, కాలేజీలో మధ్యాహ్నం పరీక్ష రాసే పిల్లకీ ఉదయం ఎనిమిదింటి బండి అక్కరకు రాదు.

అందువల్ల నేను అడుగుతున్నది ఒక వేళల పట్టిక. దాని లెక్క ఇది. విజయవాడ–గుంటూరు అరగంటకొక మెము, విజయవాడ–తెనాలి అరగంటకొక మెము, గుంటూరు–తెనాలి గంటకొకటి, తెల్లవారుజామున అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా. గంటలో ఏ నిమిషానికి బండి వస్తే ప్రతి గంటలోనూ అదే నిమిషానికి రావాలి. స్విట్జర్లాండు 1982లో దేశమంతటికీ ఈ పద్ధతి పెట్టింది. టైంటేబులు కాగితం అక్కరలేకుండా జనానికి నోటికి వచ్చే వేళలవి. విజయవాడ–గుంటూరు పోవడానికి యాభై నిమిషాలు, చివర పది నిమిషాల విరామం, తిరిగి రావడానికి అంతే. అంటే ఒక బండి రెండు గంటలకొక చుట్టు తిరుగుతుంది. అరగంటకొకటి కావాలంటే నాలుగు బండ్లు చాలు. తెనాలి వైపు మరో నాలుగు. గుంటూరు–తెనాలికి రెండు. మొత్తం పది, మరమ్మతులకు అదనంగా రెండు. పన్నెండు మెము బండ్లు! ఈ ప్రాంతం మొత్తానికి కావలసిన బండ్లు ఇంతే. మెముకు రెండు చివరలా డ్రైవరు గది ఉంటుంది కాబట్టి విజయవాడలో ఇంజను తిప్పి తగిలించే పని ఉండదు. ఆగి కదలడంలో మామూలు ప్యాసింజరు కంటే చురుకు. ఎనిమిది పెట్టెల మెములో కూర్చున్నవారూ నిలబడినవారూ కలిసి వెయ్యి మందికి పైగా పడతారు, అంటే ఇరవై బస్సుల జనం.

చిక్కు ఎక్కడుందో దాచను. ఈ పట్టిక నడవాలంటే కృష్ణ వంతెన మీద గంటకు ఒక్కో దిక్కులో నాలుగు దారులు, అంటే నాలుగు బండ్లు దాటేంత సమయం, లోకల్ రైళ్ళకే కేటాయించాలి. ఈ రోజు ఉన్న సిగ్నలింగుతో, ఉన్న ఎక్స్‌ప్రెస్సులతో అది కష్టం. ఒక స్టేషను నుంచి మరో స్టేషను దాకా ఒక్క బండినే అనుమతించే పాత పద్ధతి ఉన్నచోట్ల, కిలోమీటరు దూరానికొక సిగ్నలుతో బండి వెనుక బండి నడిపే ఆటోమేటిక్ పద్ధతి రావాలి. గూడూరు–విజయవాడ మూడో లైను పనుల ఫలం తెనాలి భుజానికి నేరుగా అందుతుంది. ఆ మూడో లైను వచ్చాక మిగిలే జాగా మొత్తం కొత్త ఎక్స్‌ప్రెస్సులకే ఇచ్చేస్తారా, ఇందులో లోకల్ రైళ్ళకు వాటా రాసిపెడతారా అన్నది ఇప్పుడే తేలాలి. బండ్లు నిండిపోయాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

ఖర్చు మాట. రైల్వేలకు లోకల్ ప్రయాణికుల మీద నష్టం వస్తుంది. ఇది ముంబయిలోనూ కోల్‌కతాలోనూ నిజమే. నష్టం వచ్చే పనిని ఏ డివిజను అధికారీ ఉత్సాహంగా పెంచడు. అందుకే నష్టాన్ని రాష్ట్రం పంచుకునే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి, హైదరాబాదులో లాగా వాటా చెల్లింపు ఏటేటా బతిమాలుకునే స్థితిలో ఉండకూడదు. రెండో మాట ఇంకా ముఖ్యం. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు లేదు. నేను దీన్ని మనస్ఫూర్తిగా ఆహ్వానించినవాణ్ణి. కాని దీనివల్ల రైలు లెక్క మారిపోయింది. గుంటూరు నుంచి విజయవాడకు ఉచితంగా వెళ్ళగల స్త్రీ పది రూపాయలు పెట్టి రైలెక్కాలంటే, రైలు ఆమెకు కనీసం అరగంట మిగల్చాలి. లేదంటే రాష్ట్రం బస్సుకు ఇస్తున్నట్టే లోకల్ రైలు పాసుకు కూడా రైల్వేకు డబ్బు కట్టాలి. ఒకే ప్రభుత్వం ఒక చేత్తో బస్సులో ఉచితమిచ్చి, మరో చేత్తో రైలుకు ప్రయాణికులు లేరని చూపిస్తే అది న్యాయమైన లెక్క కాదు. కోవిడ్ తరువాత ప్యాసింజర్లను స్పెషళ్ళన్న పేరుతో నడిపి కనీస చార్జీ 30 రూపాయలు చేసినప్పుడు, 2024 ఫిబ్రవరిలో దాన్ని మళ్ళీ పదికి తగ్గించేదాకా దుగ్గిరాల, చిలువూరు ప్లాట్‌ఫారాలు ఎలా ఖాళీ అయ్యాయో నేను చూశాను. అలా వెళ్ళినవాళ్ళలో చాలామంది తిరిగి రాలేదు. అలవాటు పోగొట్టడానికి ఒక సంవత్సరం చాలు, కలిగించడానికి పదేళ్ళు పడుతుంది.

స్టేషను దిగాక ఏమిటన్నది చిన్న ప్రశ్నలా కనబడుతుంది గాని, చాలా లోకల్ రైళ్ళ తలరాత అక్కడే తేలుతుంది. మంగళగిరి స్టేషను నుంచి ఎయిమ్స్ నడిచిపోయే దూరంలో లేదు, అందులోనూ రోగులకు. నంబూరులో దిగిన విద్యార్థికి విశ్వవిద్యాలయం ఎదురుగా కనబడదు. విజయవాడ స్టేషనుకూ పండిట్ నెహ్రూ బస్టాండుకూ మధ్య ఉన్న ఆ కొద్ది దూరంలో ఆటోవాడు అడిగే డబ్బులు తెనాలి నుంచి వచ్చిన టికెట్టుకంటే ఎక్కువ. ప్రతి బండి వేళకు స్టేషను గుమ్మం ముందు ఒక చిన్న బస్సు నిలబడి ఉండాలి, రైలు అయిదు నిమిషాలు ఆలస్యమైతే అదీ ఆగాలి. రైలు ఢిల్లీది, బస్సు రాష్ట్రానిది, ఆటో స్టాండు మునిసిపాలిటీది. ఈ ముగ్గురినీ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే అధికారం ఉన్న రవాణా సంస్థ ఒకటి పది లక్షలు దాటిన ప్రతి నగరానికీ ఉండాలని 2006 నాటి జాతీయ నగర రవాణా విధానమే చెప్పింది.

చివరిగా అమరావతి లైను గురించి, ఎందుకంటే సమయం మించిపోకముందు అడగవలసినది అక్కడ ఉంది. ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరు దాకా 57 కిలోమీటర్ల కొత్త లైనుకు 2024 అక్టోబరు 24న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అంచనా 2,245 కోట్లు. కృష్ణ మీద 3.2 కిలోమీటర్ల వంతెన అందులో భాగం. చాలామంది దీన్ని రాజధానికి రైలుగానే చూస్తున్నారు. నేను దాన్ని విజయవాడ వంతెనకు ఊపిరిగా చూస్తున్నాను. హైదరాబాదు, ఢిల్లీ వైపు నుంచి చెన్నై పోయే గూడ్సులూ, విజయవాడతో పనిలేని కొన్ని ఎక్స్‌ప్రెస్సులూ ఎర్రుపాలెం దగ్గర మళ్ళి, అమరావతి, నంబూరు, గుంటూరు, తెనాలి మీదుగా పోగలవు. అప్పుడు నేను అడిగిన ఆ గంటకు నాలుగు దారులు విజయవాడ వంతెన మీద దొరుకుతాయి. అదే సమయంలో ఆ బరువంతా గుంటూరు–తెనాలి భుజం మీద పడుతుంది. విజయవాడలో తీరిన కష్టం వేజండ్ల, సంగం జాగర్లమూడి దగ్గర మొదలవుతుంది, తెనాలివాళ్ళకు గుంటూరు దూరమవుతుంది.

కాబట్టి ఈ సభ తరఫున విన్నపం రాసేటప్పుడు మూడు మాటలు తప్పక చేర్చమని కోరుతున్నాను. నంబూరులో కొత్త లైను కలిసేచోట లోకల్ రైళ్ళు ప్రధాన మార్గానికి అడ్డం రాకుండా నిలిచి వెనుదిరిగేందుకు వేరే ప్లాట్‌ఫారం ఉండాలి. దాని నక్షా ఇంకా మార్చగలిగిన దశలో ఉండగానే అడగాలి. గుంటూరు–తెనాలి మధ్య మూడో లైనుకు ఇప్పుడే స్థలం గుర్తించి పెట్టాలి, ఎందుకంటే ఇళ్ళ స్థలాల ధరలు పట్టాల దాకా వచ్చేశాయి. మూడోది ఖర్చు లేనిది. వచ్చే టైంటేబులులోనే, కొత్త బండి ఒక్కటి కూడా కొనకుండా, ఇప్పుడున్న మెములనూ ప్యాసింజర్లనూ ఉదయం ఆరు నుంచి పది దాకా సమాన వ్యవధుల్లో సర్ది, ఆ నాలుగు గంటలపాటు కెనాల్ జంక్షనులో వాటిని లూప్ లైనులో పెట్టబోమని రెండు డివిజన్లూ మాట ఇచ్చి, ఆరు నెలలు నిలబెట్టుకుని చూడాలి. ఆ ఆరు నెలల్లో ఎన్ని పాసులు అమ్ముడయ్యాయో తెనాలి, దుగ్గిరాల, మంగళగిరి, గుంటూరు బుకింగు కిటికీల లెక్క నెలనెలా బయటపెట్టమని అడుగుదాం. ఆ అంకెలు నా వాదనకు వ్యతిరేకంగా వస్తే ఇదే వేదిక మీదికి వచ్చి ఒప్పుకుంటాను.

ప్రశ్నలు వినడానికి సిద్ధంగా ఉన్నాను. నమస్కారం.